ఎర్రబడిన ప్రతి కన్నూ కండ్లకలక కాదు

సంపాదకులు గారికి,

అయ్యా,

వానలు మొదలైతే చాలు, మీ పత్రిక జిల్లా పేజీల్లో కండ్లకలక వార్తలు కనిపిస్తూనే ఉంటాయి. 2023 జులై, ఆగస్టు నెలల్లో వసతి గృహాలు, గురుకులాలు, బడులు ఈ జబ్బుతో ఎంత సతమతమయ్యాయో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ వార్తల చివర మీరు ఇచ్చే జాగ్రత్తలు మంచివే. అయితే ఏటా కండ్లకలక గురించే చదివీ వినీ, కన్ను ఎర్రబడితే అది కండ్లకలకేనని, మందుల దుకాణంలో ఒక చుక్కల మందు సీసా కొని వేసుకుంటే తగ్గిపోతుందని జనంలో నమ్మకం స్థిరపడింది. ఈ నమ్మకం వల్ల ఏటా కొందరు, అందులోనూ వ్యవసాయ కూలీలు, హమాలీలు, చూపు పోగొట్టుకుంటున్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కంటి పరీక్షలు చేసే ఉద్యోగిగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ని నేను. వైద్యుణ్ని కాను. కానీ వైద్యుని దాకా చేరకముందు మనవాళ్లు కంటికి ఏమేం చేసి వస్తారో దగ్గరగా చూసినవాణ్ని కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా కండ్లకలక సంగతి. తెల్లగుడ్డునూ రెప్పల లోపలి వైపునూ కప్పి ఉండే పలచని పొర వాచి ఎర్రబడడమే ఈ జబ్బు. వానాకాలంలో ఊళ్లకు ఊళ్లను చుట్టబెట్టేది చాలావరకు వైరస్ వల్ల వచ్చే కండ్లకలక. అడినోవైరస్, ఎంటెరోవైరస్ తెగలవి దీనికి ముఖ్య కారణాలు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు శరణార్థుల శిబిరాల మీదుగా బెంగాల్ అంతటా పాకి, అక్కడి జనం నోట ‘జొయ్ బంగ్లా’ అన్న పేరు తెచ్చుకున్నది కూడా ఈ కోవకు చెందినదే. ఇందులో కళ్లు నీళ్లు కారుతాయి, ఇసుక పడినట్టు గరగరలాడుతాయి, చెవి ముందు చిన్న గడ్డ చేతికి తగలవచ్చు, ఒక కంటికి వచ్చిన రెండు మూడు రోజులకు రెండో కంటికీ పాకుతుంది. చాలామందిలో ఒకటి రెండు వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ చుక్కలు పనిచేయవు. చల్లని నీళ్లలో తడిపిన శుభ్రమైన గుడ్డను మూసిన కళ్లపై వేసుకోవడం, కన్ను పొడిబారకుండా ఉంచే చుక్కలు వేసుకోవడం తప్ప చాలామందికి వేరే వైద్యం అక్కరలేదు. పుసులు పసుపు పచ్చగా, చిక్కగా వచ్చి, పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి ఉంటే అది బాక్టీరియా వల్ల వచ్చినది కావచ్చు, దానికి యాంటీబయాటిక్ చుక్కలు ఉపయోగపడతాయి.

జబ్బు వచ్చినవారి కళ్లలోకి చూస్తే మనకూ అంటుకుంటుందన్న మాట ఇప్పటికీ చదువుకున్నవారి ఇళ్లలో కూడా వినిపిస్తుంది. చూపు వల్ల ఏదీ అంటదు. కన్ను తుడుచుకున్న చెయ్యి తలుపు గడియను, బస్సు కడ్డీని, చెల్లెలి తువ్వాలును తాకడం వల్ల అంటుతుంది. నల్లద్దాలు పెట్టుకుంటే వెలుతురు బాధ తగ్గుతుందే గానీ ఎదుటివారికి రక్షణ ఏమీ లేదు. అడినోవైరస్ ఎండిన వస్తువుల మీద రోజుల తరబడి బతికి ఉంటుంది. చేతికి రాసుకునే సానిటైజర్ కంటే సబ్బుతో కడుక్కోవడమే దీనికి నమ్మకమైన దారి. తువ్వాలు, దిండు, కాటుక భరిణె, చుక్కల సీసా ఎవరివి వారికి ఉండాలి. ఇంట్లో నలుగురికీ కళ్లు ఎర్రబడితే ఒకే సీసాతో నలుగురికీ చుక్కలు వేయడం మన దగ్గర మామూలైపోయింది. సీసా మొన ఒకరి రెప్పకు తగిలి, మరొకరి కంట్లో చుక్క పడిందంటే జబ్బును మన చేతులతోనే పంచిపెట్టినట్టు.

ఇంతవరకూ చెప్పినది ఇబ్బందే తప్ప ప్రమాదం కాదు. ప్రమాదం నల్లగుడ్డు మీద పుట్టే పుండు. దీని గురించే నేను ఎక్కువగా చెప్పదలచుకున్నాను.

నల్లగుడ్డు మీద అద్దంలా మెరిసే పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది, దాన్నే కార్నియా అంటారు. దానికి రక్తనాళాలు లేవు. దాని పైపొర చెక్కుచెదరనంతవరకు సూక్ష్మజీవులు లోపలికి పోవడం కష్టం. వరికోత వేళ కంకి గీసుకున్నా, చెరకు ఆకు కోసినా, పత్తికట్టె పీకుతుంటే పుల్ల తగిలినా, ధాన్యం తూర్పారబట్టేటప్పుడు నూగు, పొట్టు ఎగిరి పడినా ఆ పైపొర చిట్లుతుంది. ఆకులు, గడ్డి, మట్టి మీద ఉండే బూజు జాతి జీవులు ఆ గీత గుండానే లోపలికి దిగుతాయి. దక్షిణ భారతదేశంలో నల్లగుడ్డు పుండ్లలో ఫ్యూజేరియం, ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్‌ల వాటా చాలా ఎక్కువ. చల్లని దేశాల్లో రాసిన పుస్తకాల్లో అరుదనిపించే ఈ పుండు మన పొలాల్లో మామూలు సంగతి. నొప్పి మొదట్లో అంతగా ఉండకపోవచ్చు. నలక పడిందనుకుని రైతు రెండు రోజులు నలుపుకుంటూ తిరుగుతాడు. మూడో రోజుకో నాలుగో రోజుకో కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, చూపు మసకబారుతుంది. పక్కనుంచి టార్చి వేసి చూస్తే నల్లగుడ్డు మీద బూడిద తెలుపు రంగులో చిన్న మచ్చ, దాని అంచులు పక్షి ఈకలా పీచుపీచుగా కనిపిస్తాయి. ఆ దశలో కంటి ఆసుపత్రికి చేరితే పుండు మీదినుంచి కొద్దిగా గీకి తీసిన పదార్థాన్ని గాజుపలక మీద పెట్టి సూక్ష్మదర్శినిలో చూస్తారు. కొమ్మలు కొమ్మలుగా చీలిన దారప్పోగుల్లాంటి ఫంగస్ అక్కడికక్కడే కనబడుతుంది. పెద్ద యంత్రాలేవీ అక్కరలేని పరీక్ష ఇది. తేలిన వెంటనే నాటామైసిన్ చుక్కలు మొదలుపెట్టి, తొలి రోజుల్లో గంటగంటకూ వేస్తూ, వారాల తరబడి ఓపికగా కొనసాగిస్తే చాలామంది కన్ను నిలబడుతుంది. నయమైనా కొందరికి తెల్లని మచ్చ మిగులుతుంది. కంట్లో పువ్వు వేసిందని మన పెద్దవాళ్లు అనేది దాన్నే. అది కంటిపాపకు ఎదురుగా పడితే చూపు తిరిగి రావడానికి నేత్రదానంలో వచ్చిన కార్నియా మార్పిడి తప్ప దారి ఉండదు. పుండు మానకముందే గుడ్డుకు రంధ్రం పడితే ఆ దారి కూడా క్లిష్టమవుతుంది.

అలాంటి కంటికి దుకాణంలో దొరికేది ఏమిటి? కన్ను ఎర్రబడిందని చెప్పగానే అరలోంచి తీసి ఇచ్చే సీసాల్లో చాలావాటిలో రెండు మందులు కలిపి ఉంటాయి. ఒకటి యాంటీబయాటిక్, రెండోది స్టెరాయిడ్. మాక్సిఫ్లాక్సాసిన్‌తో డెక్సామెథసోన్, క్లోరాంఫెనికాల్‌తో డెక్సామెథసోన్ వంటి జతలు ఇవి. సీసా వేలెడంత ఉంటుంది. బ్రాండు పేరు పెద్ద అక్షరాల్లో, దాని కింద యాంటీబయాటిక్ పేరు, ఆ కింద భూతద్దం పెడితే గానీ కనబడని సైజులో ‘డెక్సామెథసోన్ 0.1 శాతం’ అని ఇంగ్లిషులో ఉంటుంది. వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదన్న హెచ్చరిక, దాని పక్కన నిలువు ఎర్రగీత కూడా ఉంటాయి. వైద్యుడు చెప్పనిదే వాడకూడదన్నది ఆ గీతకు అర్థమని కొనేవారికి ఎవరూ చెప్పరు. వేసుకున్న ఒకటి రెండు రోజుల్లో ఎర్రదనం తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, మందు బాగా పనిచేసిందని రైతు సంతోషిస్తాడు. స్టెరాయిడ్ చేసే పని ఏమిటంటే, సూక్ష్మజీవితో పోరాడుతున్న శరీరపు రక్షణ శక్తిని అణచిపెట్టడం. వాపూ ఎరుపూ ఆ పోరాటపు గుర్తులు కాబట్టి అవి తగ్గుతాయి. అడ్డు తొలగిన ఫంగస్ మాత్రం పొర లోతుల్లోకి దిగిపోతుంది. మందు ఆపగానే కన్ను మునుపటికంటే ఎర్రబడుతుంది. మళ్లీ అదే సీసా కొంటారు. నా కొలువు కాలంలో చూసినవాటిలో గుండె తరుక్కుపోయే కేసులు చాలావరకు ఇవే. రోగి జేబులోంచి సగం ఖాళీ అయిన సీసా తీసి, “ఇదేనండి, మొదట బాగానే పట్టింది” అని చూపించేవాడు. అప్పటికి నల్లగుడ్డు కింది భాగాన చీము పేరుకుని తెల్లని గీతలా కనిపిస్తూ ఉండేది. హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే నల్లగుడ్డు పుండులోనూ ఇదే జరుగుతుంది. నిపుణుడు కాని మనిషి తనంత తానుగా వేసుకున్న స్టెరాయిడ్ చుక్క ఆ పుండును పెంచుతుంది.

స్టెరాయిడ్ చెడ్డ మందని నేను అనడం లేదు. శుక్లం ఆపరేషన్ తర్వాత, కంటి లోపలి వాపులకు వైద్యులు లెక్కగా వాడి కాపాడే కళ్లు ఎన్నో. వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాడటం మీదే నా అభ్యంతరం. ఎండాకాలం వచ్చిందంటే రెండు కళ్లూ విపరీతంగా దురదపెట్టి నలుపుకుంటూ ఉండే పిల్లలు మన ప్రాంతంలో చాలామంది. అది అలర్జీ, అంటువ్యాధి కాదు. స్టెరాయిడ్ చుక్కలకు దురద వెంటనే తగ్గడం చూసి తల్లిదండ్రులు ఏళ్ల తరబడి అదే సీసా కొని వేస్తారు. నెలల తరబడి వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు (గ్లాకోమా) రావచ్చు, చిన్న వయసులోనే శుక్లాలు పడవచ్చు. నీటికాసుల వల్ల పోయిన చూపును ఏ ఆపరేషనూ తిరిగి తేలేదు.

దుకాణాన్ని మాత్రమే తప్పుపట్టి ఇంటిని వదిలేయలేను. నందివర్ధనం పువ్వు రసం, ఆకు పసరు, చనుబాలు, ఆముదం, ఉల్లిరసం, తేనె: కంట్లో పోయనిది లేదు. ప్రేమతోనే పోస్తారు, అందులో సందేహం లేదు. అయితే గీసుకుపోయిన నల్లగుడ్డు మీద ఇవి పోస్తే కొత్త సూక్ష్మజీవులను కోరి లోపలికి పంపినట్టే. నాలుకతో నలక తీసే అలవాటు ఇంకా కొన్ని ఊళ్లలో ఉంది. నోటి నిండా ఉండే బాక్టీరియాకు ఇంతకంటే దగ్గరి దారి లేదు. కంట్లో నలక పడితే నలపకుండా శుభ్రమైన నీళ్లతో ధారగా కడగాలి. అప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటే అదే రోజు కంటి పరీక్షకు పోవాలి. సున్నం గానీ, పురుగుమందు గానీ, బ్యాటరీ యాసిడ్ గానీ పడితే ఆసుపత్రికి బయలుదేరకముందే కనీసం పదిహేను ఇరవై నిమిషాలు నీళ్లు పోస్తూనే ఉండాలి.

‘అదే రోజు’ అనడానికి కారణం ఉంది. నేపాల్‌లోని భక్తపూర్ ప్రాంతంలో ఊరి ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి చేసిన ఒక అధ్యయనం 2001లో వెలువడింది. నల్లగుడ్డు గీసుకుపోయిన 18 గంటల లోపల యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ మొదలుపెట్టినవారిలో ఎవరికీ పుండు పడలేదు. ఆలస్యంగా వచ్చినవారిలోనే పుండ్లు కనిపించాయి. ఆ తర్వాత అదే దేశంలో ఇంకా పెద్ద ఎత్తున జరిపిన ప్రయత్నంలో ఊళ్లలో మొత్తం పుండ్ల సంఖ్య తగ్గినట్టు తేలలేదు. కాబట్టి ఆయింట్‌మెంట్ పంచితే చాలునని నేను చెప్పబోవడం లేదు. గాయపడినవారు ఆ రోజే రావడం, వచ్చినవారిని చూడగలిగిన మనిషి అక్కడ ఉండడం రెండూ జరగాలి.

ఇక రెప్పల విషయం. దీన్ని జనం తేలిగ్గా తీసుకుంటారు, నిజానికి చాలావరకు తేలికైనదే. రెప్ప అంచున ఎర్రగా, నొప్పిగా లేచే కంటి కురుపు సాధారణంగా వెంట్రుక కుదురు దగ్గరి గ్రంథిలో స్టాఫిలోకోకస్ బాక్టీరియా చేరడం వల్ల వస్తుంది. దానికి వేడి కాపడమే అసలైన మందు. గోరువెచ్చని నీళ్లలో శుభ్రమైన గుడ్డను ముంచి పిండి, చేతి వెనుక భాగాన ఆనించి వేడి చూసుకుని, మూసిన రెప్పపై పది నిమిషాలు పెట్టుకోవాలి. గుడ్డ చల్లారితే మళ్లీ ముంచాలి. రోజుకు మూడు నాలుగు సార్లు చేస్తే వారం పది రోజుల్లో అదే పగిలి తగ్గుతుంది. పిండకూడదు, సూదితో గుచ్చకూడదు, వెంట్రుక పీకకూడదు. నొప్పి తగ్గినా బఠాణీ గింజలాంటి గడ్డ మిగిలితే అది నూనె గ్రంథి మూసుకుపోవడం వల్ల వచ్చినది. కాపడానికి నెల రోజుల్లోనూ తగ్గకపోతే కంటి వైద్యులు చిన్న కోతతో తీసేస్తారు. కురుపులు పదేపదే వస్తుంటే రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవాలి. పెద్ద వయసువారిలో ఒకే చోట మళ్లీ మళ్లీ గడ్డ వస్తే, అక్కడి వెంట్రుకలు రాలిపోతే, ఆ ముక్కను పరీక్షకు పంపమని వైద్యుణ్ని అడగాలి. మామూలు కురుపులా కనిపించే కాన్సర్ రెప్పల నూనె గ్రంథుల్లో రావడం మన దేశంలో అంత అరుదు కాదు.

రెప్పల అంచున చుండ్రు పొట్టులా పేరుకుని, కళ్లు మండుతూ, పొద్దున్నే జిగటగా ఉండే జబ్బు మరొకటి ఉంది. అది ఒక్కసారిగా పోయేది కాదు. రోజూ పళ్లు తోముకున్నట్టు రోజూ రెప్పలు శుభ్రం చేసుకోవలసిందే. ముందు వేడి కాపడం పెట్టి, పిల్లల షాంపూ ఒక చుక్క గోరువెచ్చని నీళ్లలో కలిపి, శుభ్రమైన దూదితో వెంట్రుకల మొదళ్లను మెల్లగా తుడిచి కడుక్కోవాలి. రెప్పలు నెమ్మదించే వరకు కాటుక పెట్టుకోకపోవడం మంచిది.

రెప్ప మొత్తం వాచి మూసుకుపోయినప్పుడు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. జ్వరం, గుడ్డును అటూ ఇటూ తిప్పితే నొప్పి, గుడ్డు ముందుకు పొడుచుకు రావడం, చూపు తగ్గడం వీటిలో ఏది కనిపించినా, ముఖ్యంగా పిల్లల్లో, ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చాలి. సైనస్‌ల నుంచి కంటి గూటిలోకి దిగిన చీము మెదడు దాకా పోగలదు. పుట్టిన నెల లోపు పసికందు కళ్లు వాచి చీము కారుతున్నా ఇంతే తొందర అవసరం. నుదుటి మీద ఒకే పక్కన సర్పి పొక్కులు లేచి అవి ముక్కు కొన వరకు పాకితే కన్ను కూడా దెబ్బతినే అవకాశం ఎక్కువ. మంత్రం వేయించే ముందు కంటి వైద్యునికి చూపించాలి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే పట్నం పిల్లలు వాటిని కుళాయి నీళ్లతో కడగకూడదు, పెట్టుకుని నిద్రపోకూడదు. నీళ్లలోని అకాంథమీబా అనే జీవి వల్ల వచ్చే పుండు మానడానికి నెలలు పడుతుంది.

కంటి ఆరోగ్యం మీద ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనలేం. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు కార్యక్రమాలు గ్రామగ్రామానా కళ్లద్దాలు పంచాయి. ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా మన దేశంలో తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో ప్రకటించింది. రెప్పలు లోపలికి ముడుచుకుని వెంట్రుకలు గుడ్డును గీరి గుడ్డివాళ్లను చేసిన అంటువ్యాధి అది. దాన్ని వెనక్కి నెట్టగలిగిన దేశానికి పొలం పుండును అదుపు చేయడం అసాధ్యం కాదు. కానీ శిబిరం అన్నది ఒక రోజు ఊరికి వచ్చి పోయేది. పుల్ల తగిలిన రైతు ఆ రోజున రాడు.

అందుకని ఇరు రాష్ట్రాల ప్రభుత్వాలనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. స్టెరాయిడ్ కలిసిన ప్రతి కంటి చుక్కల సీసా మీద, పెట్టె మీద, ‘ఇందులో స్టెరాయిడ్ ఉంది, వైద్యుడు చెప్పనిదే వాడకూడదు’ అని తెలుగులో, చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో ఉండేలా కేంద్రాన్ని ఒప్పించాలి. అది జరిగేలోగా కనీసం మందుల దుకాణాల్లో ఆ మాట రాసిన బోర్డు పెట్టించి, చీటీ లేని అమ్మకాలపై ఔషధ నియంత్రణ అధికారులు తనిఖీలు జరపాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫ్లోరెసిన్ కాగితపు పట్టీలు, నీలి వెలుతురు టార్చి ఉండాలి. తడిపిన పట్టీని రెప్ప లోపల తాకించి నీలి వెలుతురులో చూస్తే గీసుకుపోయిన చోటు పచ్చగా మెరుస్తుంది. నర్సుకు ఒక పూటలో నేర్పించగలిగిన పరీక్ష ఇది, ఖర్చు నామమాత్రం. పచ్చగా మెరిసిన కన్నును ఎక్కడికి పంపాలో, హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రికో, జిల్లా ఆసుపత్రికో, దగ్గరలోని స్వచ్ఛంద నేత్ర కేంద్రానికో, ఆ కేంద్రం గోడ మీదే రాసి ఉండాలి. నాలుగు లక్షణాలు, అంటే నొప్పి, మసక చూపు, వెలుతురు భరించలేకపోవడం, నల్లగుడ్డుపై తెల్ల మచ్చ, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ ఎర్రకన్నును కండ్లకలకగా లెక్కించకూడదని ఆశా కార్యకర్తలకూ, ఊరి వైద్యం చేసే ఆర్‌ఎంపీలకూ చెప్పాలి. వారిని దూరం పెట్టి ఈ పని జరగదు, రైతు మొదట వెళ్లేది వారి దగ్గరికే.

ఒక చిన్న కోరిక కూడా. ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో తూర్పారబట్టే యంత్రాల ముందు హమాలీలు ముఖానికి తువ్వాలు చుట్టుకుని నిలబడతారు. ముక్కూ నోరూ దాచుకుంటారు, కళ్లు మాత్రం పొట్టుకు ఎదురుగా తెరిచే ఉంటాయి. పక్కలు కూడా మూసి ఉండే ప్లాస్టిక్ కళ్లద్దాల జత ఖరీదు తక్కువ. గోనె సంచులు, టార్పాలిన్లు, తేమ కొలిచే యంత్రాలు పంపేటప్పుడు ఈ వానాకాలం పంట కొనుగోళ్లు మొదలయ్యేలోగా వాటితో పాటు మనిషికో జత కళ్లద్దాలు పంపమని పౌర సరఫరాల శాఖను అడుగుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత కంటి విభాగ ఉద్యోగి,
నల్లగొండ జిల్లా